పెంపుడు కుక్క కరిచిన పెరటికోడిని కాపాడుకోవడం ఎలా? తొలి గంటలోనే సగం చికిత్స

బిలాస్‌పుర్ (ఛత్తీస్‌గఢ్): పెరట్లో నాలుగు కోళ్లు, గుమ్మం దగ్గర ఒక కుక్క. రైల్వే క్వార్టర్లలో ఇది కొత్త దృశ్యమేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఈ మార్గంలోని రైల్వే పట్టణాలకు ఉద్యోగాల కోసం తరలివెళ్లాయి. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమున్న బిలాస్‌పుర్ వాటిలో ఒకటి. సొంతూరి అలవాట్లతో పాటు పెరటికోళ్ల పెంపకాన్నీ కొన్ని కుటుంబాలు వెంట తెచ్చుకున్నాయి. అయితే కోళ్లూ కుక్కా ఒకే ఆవరణలో పెరిగే ప్రతిచోటా ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఏళ్ల తరబడి కోళ్లను పట్టించుకోని కుక్క సైతం ఏదో ఒక రోజు రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తే పెట్టను చూసి నోట కరుచుకోవచ్చు.

అలాంటప్పుడు చాలా ఇళ్లలో రెండే మార్గాలు కనిపిస్తాయి. ఒకటి కోడిని వెంటనే కోసేయడం, రెండోది పసుపు అద్ది గంప కింద వదిలేయడం. నిజానికి ఈ రెండింటికీ మధ్య మరో మార్గం ఉంది. గాయపడిన మొదటి గంటలో సరైన పని చేసి, ఆ రోజే పశువైద్యుడికి చూపిస్తే, బతకదనుకున్న కోడి కూడా కోలుకునే అవకాశముంది. గుడ్లు పెట్టే పెట్ట, పిల్లలను సాకుతున్న తల్లికోడి, ఇంట్లోని పిల్లలు పేరు పెట్టుకుని పెంచుకున్న కోడి ఏదైనా సరే, ఆ ప్రయత్నానికి తగినదే.

పైకి చిన్న రంధ్రం, లోపల పెద్ద గాయం

కుక్క కాటు కత్తిగాటు వంటిది కాదు. కోరలు చర్మంలోకి దిగుతాయి, దవడలు కండరాలను నలుపుతాయి, తల విదిలించినప్పుడు చర్మం కిందినున్న కండ నుంచి విడిపోతుంది. అందువల్ల పైకి రెండు చిన్న రంధ్రాలే కనిపించినా లోపల అరచేయంత మేర కండ చితికిపోయి ఉండవచ్చు. ఈకలు ఆ రంధ్రాలను కూడా కప్పేస్తాయి. కోడికి ఏమీ కాలేదనుకుని వదిలేసిన ఇళ్లలో రెండు మూడు రోజుల తర్వాత అది చనిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

కుక్క నోటిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు రెండో ప్రమాదం. వాటిలో పాశ్చురెల్లా జాతి ముఖ్యమైనది. కోడి కలరాపై 19వ శతాబ్దంలో పరిశోధన చేసిన లూయీ పాశ్చర్ పేరుతోనే ఆ జాతిని పిలుస్తున్నారు. కోరలు ఈ సూక్ష్మజీవులను కండ లోతుల్లోకి చేరవేస్తాయి. పై రంధ్రం త్వరగా మూసుకుపోతే లోపల చీము పడుతుంది లేదా విషం రక్తంలోకి పాకుతుంది.

పక్షి శరీర నిర్మాణం మూడో చిక్కు తెస్తుంది. కోడికి ఊపిరితిత్తులతో పాటు శరీరమంతా విస్తరించిన 9 గాలిసంచులు ఉంటాయి. కోర వీపులోనో పక్కలోనో దిగి గాలిసంచిని చీల్చితే, గాలి చర్మం కిందకు చేరి కోడి బుడగలా ఉబ్బుతుంది. ఒత్తితే కరకరమన్నట్లు తగులుతుంది. ఇది వైద్యుడు చూడవలసిన స్థితి.

మొదటి పది నిమిషాలు

ముందుగా కుక్కను కట్టేయాలి లేదా గదిలో పెట్టి తలుపు వేయాలి. కోడి కుక్క నోట్లోనే ఉంటే దానిని పట్టుకుని లాగకూడదు. లాగినకొద్దీ కుక్క పట్టు బిగిస్తుంది, చర్మం మరింత చీలుతుంది. పెద్దగా చప్పుడు చేయడం, నీళ్లు చల్లడం, కుక్కకు ఇష్టమైన తిండి చూపడం వంటివి పట్టు వదిలించడానికి పనికొస్తాయి.

తర్వాత కోడిపై పలుచని గుడ్డ కప్పి, రెండు రెక్కలూ శరీరానికి ఆనేలా నెమ్మదిగా ఎత్తుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనుషుల్లో ఊపిరికి తోడ్పడే విభాజక పటలం పక్షులకు ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. భయంతో కొట్టుకుంటోందని రొమ్మును గట్టిగా బిగించి పట్టుకుంటే గాయంతో కాకుండా ఊపిరాడక చనిపోయే ప్రమాదముంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయంపై ఉంచి 5 నిమిషాల పాటు ఎత్తకుండా అదిమి పట్టాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడివస్తుంది. 2 కిలోల కోడి ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 150 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే ఒక టీ గ్లాసుకు కాస్త ఎక్కువ. మనకు కొద్దిగా అనిపించే రక్తస్రావం కోడికి ప్రాణాంతకం కావచ్చు.

కుప్పలుగా రాలిన ఈకలను చూసి బెంబేలెత్తనవసరం లేదు. శత్రువు పట్టు నుంచి తప్పించుకోవడానికి పక్షులు ఒక్కసారిగా ఈకలు వదిలేయడం సహజ రక్షణ. నేలపై ఎన్ని ఈకలున్నాయన్నదాని కంటే చర్మం ఎక్కడ తెగిందన్నదే ముఖ్యం.

దిగ్భ్రాంతే తొలి శత్రువు

గాయం చిన్నదైనా కోడి దిగ్భ్రాంతిలోకి జారిపోవచ్చు. కళ్లు మూసుకుని ముడుచుకోవడం, తలపై ఉండే ఎర్రటి తురాయి పాలిపోవడం, కాళ్లు చల్లబడటం, వేగంగా ఊపిరి తీయడం దీని లక్షణాలు. ఈ స్థితిలో అందరూ చుట్టూ చేరి చూడటం, పిల్లలు నిమరడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

గాలి ఆడే అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, కోడిని అందులో ఉంచి, మసక వెలుతురున్న నిశ్శబ్దమైన గదిలో పెట్టాలి. కోడి సాధారణ శరీర ఉష్ణోగ్రత 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. దిగ్భ్రాంతిలో అది పడిపోతుంది కాబట్టి వెచ్చదనం అవసరం. గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచితే చాలు. రెండో పక్క ఖాళీగా ఉంచితే వేడి ఎక్కువైనప్పుడు కోడి తనంతట తానే పక్కకు జరుగుతుంది.

ఈ సలహాను ఋతువును బట్టి పాటించాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బిలాస్‌పుర్‌లో వెచ్చని సీసా తప్పనిసరి. 40 డిగ్రీలు దాటే మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం అదే సీసా ప్రాణం తీయవచ్చు. కోడి నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు దూరంగా పెట్టిందంటే వేడి ఎక్కువైందని అర్థం. అప్పుడు నీడ, గాలి, నీరు కావాలి.

గాయాన్ని కడగడం

కోడి కొంత తేరుకుని తల ఎత్తి చూడటం మొదలుపెట్టిన తర్వాత గాయాన్ని శుభ్రం చేయాలి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సీసా దీనికి శ్రేష్ఠం. అది లేకపోతే మరిగించి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు చిన్న చెంచాన్నర కలపాలి. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో ఆ నీటిని రంధ్రంపై ధారగా కొట్టాలి. మట్టి, ఈకల ముక్కలు, కుక్క లాలాజలం బయటకు కొట్టుకుపోయే దాకా కడగడమే ఇందులోని కీలకం.

గాయం చుట్టూ ఉన్న ఈకలను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించాలి. పీకితే పలుచని చర్మం చిరుగుతుంది. కొత్తగా మొలుస్తున్న ఈకల మొదట్లో రక్తం ఉంటుంది కాబట్టి వాటిని కత్తిరించకూడదు. కడిగిన తర్వాత పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని లేత టీ డికాషన్ రంగు వచ్చేంత వరకు నీటితో పలుచన చేసి అద్దాలి.

రంధ్రాలను ఇంట్లో కుట్టడం, జిగురుతో అతికించడం, బిగుతుగా కట్టు కట్టడం చేయకూడదు. కోరల రంధ్రంలోంచి స్రావం బయటకు పోవడానికి దారి ఉండాలి.

ఏవి పూయకూడదు?

పసుపు, కాఫీ పొడి, సున్నం, కిరోసిన్ తరచూ వాడే ఇంటి చిట్కాలు. కడగని గాయంపై పొడి పసుపు చల్లితే అది రక్తంతో కలిసి పెచ్చుకట్టి మురికిని లోపలే బంధిస్తుంది. కాఫీ పొడితోనూ అదే సమస్య. సున్నం, కిరోసిన్ చర్మాన్ని కాలుస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చి శుభ్రపడినట్లు కనిపిస్తుంది కానీ, పదేపదే వాడితే కొత్తగా పుడుతున్న కణజాలాన్నీ అది దెబ్బతీస్తుంది.

మనుషుల మందుల పెట్టె విషయంలో మరింత అప్రమత్తత అవసరం. బెంజోకైన్ వంటి మొద్దుబార్చే మందు కలిసిన లేపనాలు పక్షులకు ప్రమాదకరం. నొప్పి తగ్గడానికి ఇంట్లో ఉన్న మాత్రను అరగదీసి తాగించే అలవాటు అంతకంటే ప్రమాదకరం. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు పెద్ద సంఖ్యలో మరణించడంతోనే భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దానిని నిషేధించింది. కోడికి నొప్పి మందు కావాలంటే ఏది, ఎంత అన్నది పశువైద్యుడే చెప్పాలి.

వైద్యుడి దగ్గరకు ఎప్పుడు?

కోర చర్మంలోకి దిగిందని తేలితే, గాయం ఎంత చిన్నదైనా ఆ రోజే వైద్యుడికి చూపించడం మేలు. కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు: అదిమి పట్టినా రక్తం ఆగకపోవడం, కండ లేదా ఎముక బయటకు కనిపించడం, రెక్క వేలాడటం, కాలు మోపలేకపోవడం, చర్మం కింద గాలి చేరి ఉబ్బడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ కింది గాయంలోంచి తిన్న గింజలో తాగిన నీరో కారడం. చివరిదానికి మెడ మొదట్లో ఉండే మేతసంచి చిరిగిందని అర్థం. దానిని వైద్యుడు కుట్టగలడు. పొట్ట కింద దెబ్బ తగిలిన పెట్ట గుడ్డు పెట్టలేక ముక్కుతుంటే లోపల గుడ్డు పగిలి ఉండే అవకాశాన్నీ చూడాలి.

సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఇదే నంబరు. బిలాస్‌పుర్‌లో ప్రభుత్వ పశువైద్యశాలతో పాటు, దుర్గ్ కేంద్రంగా ఉన్న కామధేను విశ్వవిద్యాలయం పరిధిలోని పశువైద్య కళాశాల కూడా ఉంది.

ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దలకు అక్కడ భాష ఒక అడ్డంకి కావచ్చు. కోడిపెట్టను హిందీలో ముర్గీ అని, ఛత్తీస్‌గఢీలో కుకరీ అని అంటారు. కాటు ఎప్పుడు పడింది, కోడి బరువు సుమారు ఎంత, గాయం ఎక్కడ, అప్పటికే ఏ మందు వాడారు, కుక్కకు రేబిస్ టీకా వేయించారా అన్న ఐదు వివరాలు కాగితంపై రాసుకుని వెళితే వైద్యుడి పని, మన పని రెండూ తేలికవుతాయి.

యాంటీబయాటిక్ మొదలుపెడితే కోడి హుషారుగా కనిపించినా చెప్పినన్ని రోజులూ పూర్తిగా ఇవ్వాలి. దుకాణంలో అడిగి తెచ్చిన పొడిని అంచనాగా నీటిలో కలపడం వల్ల మందు సరిగా అందదు, సూక్ష్మజీవులు మందుకు లొంగని విధంగా మారతాయి. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువు వరకూ ఆ కోడి గుడ్లు, మాంసం తినకూడదు. ఎంత గడువన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

మేత, నీరు, ఏకాంతం

నీళ్లు తాగించాలన్న ఆత్రుతతో ముక్కు తెరిచి పోయడం పెద్ద పొరపాటు. కోడి శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గిన్నెలో నీళ్లు పెట్టి ముక్కు కొసను తడిపితే చాలు, తాగే ఓపిక ఉంటే తానే తాగుతుంది. మొదటి రోజు మనుషులు వాడే ఓఆర్ఎస్ ద్రావణం ఇవ్వవచ్చు. తర్వాత తడిపిన మేత, ఉడికించిన గుడ్డు పొడి, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెట్టాలి. రెట్ట వేస్తోందా లేదా అన్నది రోజూ గమనించాలి.

గాయపడిన కోడిని మందలో వదలకూడదు. ఎర్రగా కనిపించే దేనినైనా పొడవడం కోళ్ల స్వభావం. నిన్నటి దాకా కలిసి తిరిగిన కోళ్లే గాయాన్ని పొడిచి పెద్దది చేస్తాయి. అలాగని పూర్తిగా దూరం చేస్తే తిరిగి వచ్చినప్పుడు కొత్త కోడిగా భావించి తరుముతాయి. గాయం కాస్త మానాక, మధ్యలో జాలీ ఉంచి ఒకదానికొకటి కనిపించేలా పెట్టడం మంచి పద్ధతి.

వేసవిలో, వానకాలంలో ఈగలు మరో ముప్పు. గాయంపై ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పుట్టవచ్చు. గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడాలి, పెట్టెపై దోమతెర కప్పాలి, తడిసిన గుడ్డను వెంటనే మార్చాలి. దుర్వాసన, పచ్చటి లేదా నల్లటి రంగు, చుట్టూ వేడి, మళ్లీ మేత మానడం కనిపిస్తే వైద్యుడికి తిరిగి చూపించాలి.

మొదలంటా ఊడిన ఈకల స్థానంలో కొన్ని వారాల్లో కొత్తవి వస్తాయి. మధ్యలో విరిగినవి మాత్రం కోడి సహజంగా ఈకలు రాల్చే కాలం వరకూ అలాగే ఉంటాయి. భయం వల్ల పెట్ట కొంతకాలం గుడ్లు మానేయడం కూడా మామూలే.

తల్లికోడి గాయపడితే దాని పిల్లలను మరచిపోకూడదు. మొదటి వారం పిల్లలకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద దొరికే ఆ వేడిని బల్బు ద్వారా అందించి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి.

కాపాడలేని స్థితి

కొన్ని గాయాలకు చికిత్స ఉండదు. వెన్ను విరిగి రెండు కాళ్లూ చచ్చుబడటం, పొట్ట చీలి పేగులు బయటపడటం, స్పృహ రాకపోవడం అటువంటివి. అప్పుడు రోజుల తరబడి గంప కింద బాధపడనివ్వడం జాలి అనిపించుకోదు. నొప్పి లేకుండా ప్రాణం తీసే పనిని పశువైద్యుడికి అప్పగించడమే దయ. ఇంట్లో పిల్లలుంటే నిజం దాచకుండా నాలుగు మాటల్లో చెప్పడం మంచిది. మందులు వాడిన కోడిని, కరిచిన తర్వాత గంటల తరబడి నలిగిన కోడిని వండుకోకపోవడమే క్షేమం. కళేబరాన్ని లోతుగా పాతిపెట్టాలి.

మనుషుల జాగ్రత్త

రేబిస్ పాలిచ్చే జంతువుల వ్యాధి. కోళ్ల ద్వారా అది మనుషులకు సోకుతుందన్న భయం అక్కరలేదు. అయితే కోడి ఈకలపై ఉన్న తాజా కుక్క లాలాజలం మన చేతి గాయానికి తగలవచ్చు, విడిపించే క్రమంలో కుక్క మనల్నీ గీరవచ్చు. అలా జరిగితే ఆ భాగాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కోడిని పట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి.

కుక్క కోడిని పట్టడం సాధారణంగా వేట స్వభావం. కానీ కారణం లేకుండా ఎదురైన ప్రతిదాన్నీ కరవడం, చొంగ కార్చడం, గొంతు మారడం, మింగలేకపోవడం వంటి మార్పులుంటే దాని దగ్గరకు వెళ్లకుండా పశువైద్యుడికి సమాచారం ఇవ్వాలి.

కుక్కను ఏం చేయాలి?

కొట్టడం వల్ల ఫలితం ఉండదు. పట్టిన క్షణం దాటిపోయాక వేసే దెబ్బకు, కోడికి ఉన్న సంబంధం కుక్కకు తెలియదు. అది నేర్చుకునేది యజమానిని చూసి భయపడటమే. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టే పాత పద్ధతిలోనూ క్రూరత్వమే తప్ప శిక్షణ లేదు. జంతువులను హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కోపంతో కుక్కను చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పొరుగింటి కుక్క కరిచినప్పుడూ ఇదే వర్తిస్తుంది.

శిక్షణ సాధ్యమే. గొలుసుతో కుక్కను కోళ్లకు దూరంగా కూర్చోబెట్టి, అవి కదులుతున్నా ప్రశాంతంగా ఉన్నప్పుడు తినడానికి ఏదైనా ఇవ్వాలి. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించాలి. అయినా ఒకసారి కోడి రుచి, పరుగు ఆట రెండూ తెలిసిన కుక్కను మనిషి కాపలా లేకుండా కోళ్లతో వదలకూడదు.

శాశ్వత పరిష్కారం అడ్డుగోడే. షట్కోణాల పలుచని కోళ్ల వల కోళ్లను లోపల ఉంచగలదు కానీ కుక్కను బయట ఆపలేదు. దానికి అతుకులు వెల్డింగ్ చేసిన దళసరి ఇనుప జాలీ కావాలి. కుక్క తవ్వకుండా జాలీని నేలలోకి ఒక అడుగు లోతు దించాలి. సిమెంటు నేల ఉన్న క్వార్టర్లలో తవ్వడం కుదరకపోతే జాలీ అంచును బయటివైపు రెండడుగులు పరిచి ఇటుకలు పేర్చవచ్చు. గంప కింద మూసే ఇళ్లలో గంపపై బరువు ఉంచాలి, తలుపుకు గొళ్లెం ఉండాలి. కోళ్లు బయట తిరిగే వేళ, కుక్క బయట తిరిగే వేళ వేరుగా పెట్టుకోవడం ఖర్చులేని ఉపాయం.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలైనా, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు చెందిన అసీల్ అయినా పెరట్లో వాటికి రక్షణ యజమాని అమర్చిన గూడే. కోళ్లున్న ఇంట్లో ఒక సెలైన్ సీసా, పోవిడోన్ అయోడిన్, శుభ్రమైన గుడ్డలు, సూది లేని సిరంజి, ఓఆర్ఎస్ పొట్లం, ఒక జత చేతి తొడుగులు, గాలి ఆడే అట్టపెట్టె ఒకచోట ఉంచుకోవాలి. వాటి పక్కనే గోడపై 1962 అని రాసి పెట్టుకుంటే, అవసరమైన వేళ వెతుక్కోవడంలో గంట వృథా కాదు.